పొగగొట్టపు పొయ్యి - దాని పోషణ

గ్యాసు బండ లేని ఇల్లు నేడు అరుదు. 2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకముతో పల్లెటూళ్ళ పేద ఇండ్లకు గూడ అది చేరినది. అయినను కట్టెపొయ్యి పోలేదు. స్నానానికి కాగు కాచేది, పండుగనాడు పదిమందికి పెద్ద గిన్నెలు ఎక్కించేది చాల ఇండ్లలో పెరటి కట్టెపొయ్యి మీదనే. జైన గృహములలో మరగకాచిన నీరు త్రాగుట నియమము గనుక ఆ పొయ్యికి పని మరికొంత ఎక్కువ. ఉన్న పొయ్యిని సరిగా పెట్టి, సరిగా మండించి, సరిగా చూచుకొనుట ఎట్లో తెలిసికొనుట మంచిది.

పొగ అనగా కాలని కట్టె. వేడికి కట్టెలోనుండి కొన్ని వాయువులు వెలువడును. వాటికి చాలినంత గాలి, చాలినంత వేడి దొరికినచో మంటగా మండును. దొరకనిచో పొగయై పోవును. వర్తకుని లెక్కలో చెప్పవలెనన్న, డబ్బిచ్చి కొన్న సరుకు అంగడి చేరకుండనే గల్లంతైనట్లు. నష్టము కట్టెతో పోయిన అంత చింత లేదు. ఆ పొగ పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కన్నులలోనికి, ఆమె ఒడిలోని బిడ్డ ఊపిరిలోనికి పోవుచున్నది. ఇండ్లలోని ఇట్టి పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దుకాణములో త్రాసు కొంచెము వంగిన వెంటనే సరిచేయించే యజమాని, ఇంట ఆడవారి దగ్గును ఏండ్ల తరబడి వినియు విననట్లు ఊరకుండుట వింతయే.

ఈ సంగతి మన దేశమున ఎన్నడో గుర్తించినారు. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమునకు కేంద్రమైన వార్ధా మగన్‌వాడిలో పొగగొట్టముగల 'మగన్ చూల్హా' తయారైనది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితో పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై చిన్న పుస్తకము ప్రచురించిరి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు వారి 'ఆస్త్ర' విభాగము తరువాత 'ఆస్త్ర ఒలె'ను తెచ్చినది. కన్నడమున ఒలె యనగా పొయ్యి. 1980లలో కేంద్ర ప్రభుత్వము దేశమంతట మెరుగైన పొయ్యిల పథకము పెట్టి, 2002 వరకు నడిపి, 3 కోట్లకు పైగా పొయ్యిలు పంచినది.

మరి ఇన్ని పొయ్యిలు ఏమైనవి? దీనికి జవాబు ఒడిశా పల్లెలలో దొరికినది. సుమారు 2,600 కుటుంబములను కొన్ని సంవత్సరములపాటు పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనములో తేలినదేమనగా, క్రొత్త పొయ్యి పెట్టిన మొదటి ఏడు ఆడవారు పీల్చే పొగ తగ్గినది. తరువాత ఆ లాభము మాయమైనది. పొయ్యిని వాడుట తగ్గెను, పగుళ్ళు పూడ్చలేదు, గొట్టము తుడవలేదు. పొయ్యి కట్టించుట ఒక దినపు పని. దానిని పోషించుట ప్రతిదినపు పని. ఈ రెండవదే జారిపోవుచున్నది.

ముందు పొయ్యి పెట్టుటను గూర్చి. చోటు ఎంచుకొనునపుడు గొట్టము తిన్నగా పైకి పోవునా అని చూచుకొనవలెను. వంకరలు ఎక్కువైన కొలది మసి పేరుకొనును. గొట్టము నాలుగు అంగుళముల వెడల్పునకు తక్కువ కాకుండ, కప్పు పైకి కనీసము రెండడుగులు లేచి యుండవలెను. అంతకు పొట్టిదైన, గాలి కప్పును తాకి క్రిందికి మరలినపుడు పొగను తిరిగి ఇంటిలోనికే నెట్టును. కొసకు వాననీరు పడకుండ రేకు టోపీ పెట్టవలెను. గొట్టము నోటికిని టోపీకిని నడుమ జానెడు ఎడముండవలెను. పొరుగువారి కిటికీ వైపు మాత్రము తిప్పరాదు. తాటాకు కప్పుగాని, వెదురు వాసములుగాని ఉన్నచోట గొట్టము చుట్టు కట్టడములో పెద్ద ఖాళీ వదలి, ఆ ఖాళీని రేకుతో మూయవలెను. వేడెక్కిన గొట్టము తాటాకును ముట్టుకొన్న ఇల్లు మిగలదు.

పొయ్యి మట్టిలో సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి బాగుగా త్రొక్కి కట్టుదురు. గిన్నె పెట్టు రంధ్రము గిన్నెకు సరిపోవలెను గాని, గిన్నె దానిలో తేలియాడరాదు. సందులోనుండి పొగ వచ్చును, వేడియు పోవును. రెండు మూడు రంధ్రములున్న పొయ్యిలో వాడనిదానికి మూత తప్పదు. కట్టిన పొయ్యిని రెండు మూడు వారములు నీడలో ఆరనిచ్చి, మొదట చిన్న చిన్న మంటలు వేయవలెను. పచ్చి పొయ్యిలో పెద్ద మంట వేసినచో లోని తడి ఒక్కసారిగా ఆవిరియై మట్టి బీటలువారును.

ఇక కట్టె. ఇందులో వర్తకులు మోసపోవుట మరీ వింత. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. బరువు చొప్పున కొన్నవాడు నీళ్ళకు కట్టె ధర ఇచ్చినట్లే. అంతటితో పోదు. ఒక కిలో తడి ఆవిరి యగుటకు పట్టు వేడితో ఎనిమిది లీటర్ల చన్నీళ్ళను మరుగువరకు తేవచ్చును. తుమ్మ, సరుగుడు, చింత మొదలైన గట్టి కట్టెలు చీల్చి, ఒక వేసవి ఎండనిచ్చిన, తడి ఐదవ వంతునకు తగ్గును. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూచిన ఎండినవి ఖంగున మ్రోగును, పచ్చివి మొద్దుగా పలుకును. కొసలలో నెర్రెలు కూడ గుర్తే. గన్నేరు కొమ్మలు ఎట్టి పరిస్థితిలోను పొయ్యిలో పెట్టరాదు. దాని పొగ విషము. రంగు పూసిన పాతచెక్క, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ సంచులు కూడ అంతే.

కట్టెల గూడు నేలమీద పెట్టక, రాళ్ళమీద ఎత్తి, గోడకు కొంచెము దూరముగా పేర్చి, పైన మాత్రము కప్పవలెను. ప్రక్కలకు గాలి తగలవలెను. దీనివలన కట్టె ఆరును, చెదలు చేరవు, తేలు దాగవు. జైనులకు ఇందులో మరొక ప్రయోజనమున్నది. అగ్నిలో వేయు ప్రతి కట్టెను నేలకు తట్టి, బెరడు సందులు చూచి, పురుగున్నచో నెమ్మదిగా ప్రక్కకు తీయుట పెద్దల ఆచారము. ఆరిన గూటిలోని కట్టెలో పురుగు ఉండుటయే అరుదు గనుక ఆ పని సులువగును. అగ్నిలోనే జీవమున్నదని ఎంచువారికి, అక్కరకు మించిన మంట వేయరాదన్న మాట వేరుగా చెప్పనక్కరలేదు.

మంట వేయునపుడు పొయ్యినోటిని కట్టెలతో కిక్కిరిసి నింపుట అందరు చేయు తప్పు. నోటిలో సగము ఖాళీ ఉండవలెను. గాలి పోవలెను గదా! బొటనవ్రేలి లావునుండి మణికట్టు లావు వరకు చీల్చిన కట్టెలు మేలు. చలికాలపు ఉదయమున గొట్టము చల్లబడి యుండుటవలన పొగ ముందుకు తన్నును. అప్పుడు గొట్టము మొదటనున్న రంధ్రములో గుప్పెడు ఎండుగడ్డి వెలిగించిన, గొట్టములోని గాలి వేడెక్కి పైకి లేచి పొగను లాగికొనును. తెల్లని దట్టపు పొగ గొట్టము కొసన కనబడుచున్నచో కట్టె పచ్చిదో, గాలి చాలనిదో యని తెలిసికొనవలెను. వంట ముగిసిన వెంటనే కట్టెలను వెనుకకు లాగి ఆర్పివేసిన అవి మరుసటి దినమునకు పనికివచ్చును. సూర్యాస్తమయమునకు ముందే భోజనములు ముగియు ఇండ్లలో ఈ పని వెలుతురు ఉండగనే జరుగును.

పోషణలో మొదటిది గొట్టము. దినము వంట జరిగే పొయ్యికి నెలకొకసారి తుడువవలెను. త్రాడు కొసను కొబ్బరి పీచు చుట్టకట్టి, దాని క్రింద చిన్న రాయి వ్రేలాడదీసి, పైనుండి నాలుగైదు సార్లు దింపి లాగిన మసి రాలును. పొయ్యి పూర్తిగా చల్లారిన దినముననే చేయవలెను. పచ్చికట్టె వాడిన గొట్టములో మసి జిగురుగా, తారువలె అంటుకొనును. అది ఒకనాడు గొట్టములోనే అంటుకొని హోరున మండును. అట్లైనచో నీళ్ళు పోయరాదు, వేడి గొట్టము పగులును. పొయ్యినోరు, రంధ్రములు అన్నియు మూసి గాలి ఆపి, కప్పు వైపు కనిపెట్టి యుండవలెను. పొయ్యి పగుళ్ళను వారమునకొకసారి మెత్తని మట్టి, గడ్డి ముద్దతో పూడ్చి అలికిన చాలు. బూడిద గుంట సగము నిండకమునుపే తీసివేయవలెను, లేనిచో క్రిందనుండి గాలి అందదు.

ఒక్క మాట కుంపటిని గూర్చి. చలికి తలుపులు మూసి, పడకగదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొనుట ప్రాణాపాయము. పొగ కనబడని ఆ నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసికొనిపోవును. గాలి లేని స్నానాల గదిలో నీళ్ళపొయ్యి కూడ ఇంతే. కర్ణాటక ప్రాంతపు కొన్ని పాత ఇండ్లలో రాగి అండాను గోడలో కట్టి, కట్టె పెట్టు నోరు గోడకు అవతల ఉంచినారు. క్రొత్త ఇల్లు కట్టువారు ఆ ఏర్పాటును మేస్త్రీకి చూపించి చేయించుకొనవచ్చును.

తీసిన బూడిదను వెంటనే గోనెసంచిలోగాని, చెత్తకుప్పలోగాని వేయరాదు. దాని అడుగున నిప్పు ఒక దినము దాటి కూడ దాగి యుండును. మూతగల ఇనుప డబ్బాలో రెండు దినములు ఉంచి, తరువాత గిన్నెలు తోమువారికి కొంత, పెరటి పాదులకు కొంత వాడుకొనవచ్చును.