ప్రహ్లాదుని చదువు

బడినుండి వచ్చిన కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని “ఏమి నేర్చితివి?” అని తండ్రి అడుగుట లోకసహజము. హిరణ్యకశిపుడును అట్లే అడిగెను. ప్రహ్లాదుడు నవవిధభక్తిని గూర్చి చెప్పగా విని, కోపించి గురువును నిందించెను. అది తాను నేర్పినది కాదనియు, ఇతరులు నేర్పినదియు కాదనియు ఆ గురువు మొరపెట్టుకొనెను.

హైదరాబాదు పాతబస్తీలో ఈ ప్రశ్న నేటికిని వినబడును. అక్కడ తిరునామము ధరించు ఇంటి బిడ్డయు, నమాజు చేయు ఇంటి బిడ్డయు ఒకే బల్లపై కూర్చుందురు. నిజాం పాలనలో 1919లో తరగతులు ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రము బోధించెడివారు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము వేరొక మార్గము చూపినది. 28వ అధికరణము ప్రకారము, పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాసంస్థలలో మతబోధ కూడదు. ప్రభుత్వపు గుర్తింపుగాని, సహాయముగాని పొందు ఇతర పాఠశాలలలో, సంరక్షకుని అంగీకారము లేనిదే బాలుడు మతబోధకుగాని, ప్రార్థనకుగాని హాజరు కానక్కరలేదు. మతములను గూర్చి తెలియజెప్పుట మతబోధ కాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

శాసనము స్పష్టమే, తండ్రి మనస్సు మాత్రము స్పష్టము కాదు. పరుల ప్రార్థనకు తన బిడ్డ చేతులు జోడించవలసి వచ్చునేమో యని ఒక భయము. తన స్వామి అవతారములు పది పేర్ల పట్టికయై, రెండు మార్కుల ప్రశ్నగా మిగులునేమో యని మరియొక బాధ. ఈ రెండవ బాధను తీర్చు అధికరణము ఏదియు లేదు. మొదటి భయమో, ఉదయపు ప్రార్థనలో సరస్వతీస్తుతి వినబడునప్పుడు పొరుగింటి ముస్లిం తండ్రికిని కలుగును. తన బిడ్డకు కోరు మినహాయింపును అతని బిడ్డకు కాదనుట వైష్ణవునకు తగునా?

ఇంతకును ప్రహ్లాదుడు హరికథను ఎచ్చట నేర్చెను? చండామార్కుల పాఠశాలలో కాదు. గురువులు గృహకృత్యములకై వెడలినప్పుడు, ఆటకు పిలిచిన దైత్యబాలురను చుట్టును కూర్చుండబెట్టుకొని అతడే ఆ సంగతి చెప్పెను. తల్లి లీలావతి నారదుని ఆశ్రమమున తలదాచుకొనియుండగా, ఆ ముని ఆమెకు చెప్పిన మాటలను గర్భమునుండి వింటిననెను. ఆ దినములలో తండ్రి ఇంట లేడు. వరములకై మందరాచలమున తపస్సు చేయుచుండెను.