గాలి స్ప్రింగు – ఉక్కు స్ప్రింగు: ఒక మరమ్మతు నేర్పిన పాఠం

రాళ్ల బాటపై ఎద్దుల బండి నడచిన నాటి నుండి మానవుని కోరిక ఒక్కటే: దారి కుదుపు దేహానికి తగలరాదు. ఆ కోరిక నుండి పుట్టినదే వాహనపు స్ప్రింగు. లారీలకు, బస్సులకు ఉండే ఉక్కు పట్టీల దొంతరను మన మెకానిక్కులు 'కమాను కట్ట' అంటారు. 'కమాను' అనగా విల్లు. పారశీకం నుండి ఉర్దూలోను, తెలుగులోను స్థిరపడిన మాట. బరువుకు వంగి, బరువు తొలగగానే తిరిగి లేచే గుణమంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

కార్లలో ఈనాడు ఎక్కువగా కనిపించేది చుట్టు స్ప్రింగు. కొన్ని విలాస కార్లలో దాని స్థానంలో గాలి స్ప్రింగు ఉంటుంది. అది పాడైనప్పుడు తొలగించి చుట్టు స్ప్రింగు వేయించుట ఎంతవరకు ఉచితం? ఈ ప్రశ్న మాకు పుస్తకంలో ఎదురైనది కాదు. చిత్తూరులో మాకు పరిచితులైన ఒక పెద్దమనిషి, పెళ్లిళ్లకు, తిరుపతి యాత్రికులకు అద్దెకు తిప్పే ఉద్దేశంతో, పాతబడిన విలాస కారునొకదానిని అప్పు చేసి కొన్నారు. రెండవ వేసవిలో ఒక ఉదయం చూడగా కారు వెనుక భాగం చక్రాలపైకి కూలబడి ఉన్నది. మరమ్మతుకు చెప్పిన ఖర్చు తీర్చవలసిన అప్పు కంటె ఎక్కువ. "ఇనుప స్ప్రింగులు వేసేస్తే ఇంక ఎప్పుడూ కూర్చోదు సార్" అన్నాడు మెకానిక్కు. అట్లే వేయించారు.

గాలి స్ప్రింగు అనగా గట్టి రబ్బరు సంచిలో బంధించిన గాలి. ఘనపరిమాణం తగ్గిన కొద్దీ గాలి పీడనం పెరుగుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రమే దీనికి ఆధారం. కారులో బరువు పెరిగితే ఎత్తును కొలిచే పరికరం గుర్తిస్తుంది. కంప్రెసరు మరికొంత గాలి నింపుతుంది. కారు పూర్వపు ఎత్తుకే వస్తుంది. అయితే రబ్బరు ఎండకు, వయసుకు పగులుతుంది. సన్నని పగులు నుండి గాలి పోతూ ఉంటే, దానిని భర్తీ చేయబోయి కంప్రెసరు కూడ అలసి కాలిపోతుంది.

చుట్టు స్ప్రింగుకు ఈ బాధ లేదు. ఆ తెలివి కూడ లేదు. బరువు ఎంతో అణగుట అంత అని రాబర్ట్ హుక్ 1678లో వివరించిన నియమాన్నే అది పాటిస్తుంది. ఉదాహరణకు, ఒక స్ప్రింగు 1 మిల్లీమీటరు అణగుటకు 3 కిలోల బరువు కావాలనుకుందాం. వెనుక భాగంపై 240 కిలోలు అదనంగా పడితే ఒక్కొక్క స్ప్రింగుపై 120 కిలోలు. అనగా కారు వెనుక 4 సెంటీమీటర్లు దిగుతుంది. దానిని తిరిగి లేపే వారెవరూ లేరు.

ఈ లెక్క మాకు దారిలో అనుభవమైనది. కొండ రోడ్డు మలుపుల్లో కారు ఊయల వలె ఊగినది. కారణం, పాత షాక్ అబ్జార్బర్లు కొత్త స్ప్రింగులకు సరిపోలేదు. రాత్రి నిండు బరువుతో తిరుపతి నుండి చిత్తూరుకు వస్తుండగా ఎదుటి వాహనాలవారు దీపాలు ఆర్పి వెలిగించి హెచ్చరింపసాగారు. వెనుక దిగినందున మా కారు దీపాలు పైకి లేచి వారి కళ్లలో పడుతున్నవి. మా మిత్రుడు ఆదా చేసిన ధనం ఆ రాత్రి ఎవరి ప్రాణానికో వెల కాబోయినది.

ఈ మార్పు క్రొత్తది కాదు. 1957లో అమెరికాలో వెలువడిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారుకు గాలి స్ప్రింగులే గొప్ప. అవి కారుచుండుటచే పలువురు యజమానులు చుట్టు స్ప్రింగులు వేయించుకున్నారు. మెర్సిడెస్ సంస్థ 1961లో తన 300 ఎస్.ఇ. కారుకు గాలి స్ప్రింగులు అమర్చి, 1972 నాటి పెద్ద కార్లకు చుట్టు స్ప్రింగులు వాడి, 1998లో మరల గాలికే వచ్చినది. కనుక వెనుకకు పోవుట సిగ్గు కాదు; తెలియక పోవుటయే తప్పు.

తెలిసి చేయుట ఎట్లు? నిండు బరువుకు తగిన స్ప్రింగులు, వాటికి జతయైన షాక్ అబ్జార్బర్లు వేయాలి. దీపాల ఎత్తు సరిచేయాలి. కారులోని కంప్యూటరుకు మార్పును తెలపాలి. హెచ్చరిక దీపాన్ని ఊడబెరుకుట పరిష్కారం కాదు. గాలి పోతే కారు హఠాత్తుగా దిగవచ్చు, కావున దృఢమైన స్టాండ్లు పెట్టనిదే అడుగున దూరరాదు. రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. కనుక ముందే రవాణా కార్యాలయాన్ని, బీమా సంస్థను సంప్రదించాలి. మా మిత్రుడు ఇవన్నీ చేశారు. కాని మొదట చేయవలసినవి చివర చేశారు. ఖర్చు రెండింతలైనది. నేడు కారులో ఎందరు ఎక్కవలెనో, ఎంత సామాను పెట్టవలెనో వారే చూచుకొంటారు. పూర్వం ఆ పని కంప్రెసరు చేసేది.

విద్యార్థులారా! ఒక యంత్రభాగాన్ని తొలగించే ముందు అది మౌనంగా ఏమేమి చేస్తున్నదో అడిగి తెలుసుకొనండి. భాగం పోయినా దాని బాధ్యత పోదు. అది మన భుజాలపైకి వస్తుంది.