మంద దారికి కాగితం – మన గొర్రెల కాపరుల నిన్న, నేడు, రేపు

కంబదూరు మండలంలో ఏ ఊరి పొలిమేర దాటినా రెండు కనిపిస్తాయి. ఒకటి వాన కోసం ఎదురుచూసే ఎర్రనేల. రెండోది ఆ నేల మీద ఏదో ఒక మూల మేస్తున్న గొర్రెల మంద. మన వసతిగృహంలో చదివిన వాళ్ళలో, ఇప్పుడు చదువుతున్న వాళ్ళలో చాలామందిమి ఈ మందల వెనుక నడిచిన కుటుంబాల నుంచే వచ్చాము. కొందరి ఇళ్ళలో సొంత మంద ఉంది. కొందరి నాన్నలు, అన్నలు పెద్ద మందల దగ్గర జీతానికి ఉన్నారు. మా ఇళ్ళలో మొదట డిగ్రీ పట్టా అందుకున్నది మేమే. ఆ పట్టా వెనుక పొట్టేళ్ళు అమ్మి కట్టిన ఫీజులు ఉన్నాయి.

"చదువు రాకపోతే గొర్రెలు కాసుకో పో" అనే మాట మనందరం విన్నదే. అందులో ఆ పనికి తెలివి అక్కరలేదన్న భావం ఉంది. అది ఎంత తప్పో, ఈ వృత్తి నేడు ఎందుకు కష్టాల్లో పడిందో, చదువుకున్న మనం దానికి ఏం చేయగలమో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక పాఠంలాగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

కరువు నేలకు గొర్రె ఎందుకు సరిపోయింది?

మన జిల్లాలో సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఆ కురిసే కొద్ది వాన కూడా అన్ని ఊళ్ళలో ఒకేలా పడదు. ఒక ఊరి కుంట నిండిన రోజునే పక్క ఊళ్ళో దుక్కి తడవదు.

పంటకు కాళ్ళు లేవు, గొర్రెకు ఉన్నాయి. వేరుశనగ ఊడలు దిగే సమయంలో వాన తప్పితే పంట పోయినట్లే. గడ్డి మాత్రం రెండు పదున్లకే మొలుస్తుంది. అందుకే మన పెద్దలు చేనునూ మందనూ కలిపి నడిపారు. పంట పోయిన ఏడాది రెండు పొట్టేళ్ళు అమ్మి మరుసటి ఏటికి విత్తనాలు కొన్నారు. బ్యాంకులు రాకముందు మన ఊళ్ళకు మందే బ్యాంకు.

మంద కాయడానికి జ్ఞానం కావాలి. గొర్రె చూడి ఐదు నెలలు. పిల్లలు పుట్టే సమయానికి పచ్చిక ఉండాలంటే పొట్టేలును ఎప్పుడు మందలో వదలాలో కాపరి ముందే లెక్క వేసుకోవాలి. కోసిన జొన్న మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకలు మేస్తే గొర్రె నిమిషాల్లో పడిపోతుంది. దీన్ని పెద్దలు 'నాము' అంటారు. ఆ పిలకల్లో హైడ్రోసైనిక్ ఆమ్లం తయారవుతుందని మనం రసాయనశాస్త్రంలో చదువుకున్నాము. మన తాతలకు ఆమ్లం పేరు తెలియదు గానీ ఏ చేనులోకి మందను దించకూడదో తెలుసు.

మంద, చేను – మాట మీద నడిచిన ఒప్పందం

పంట కోసిన తరువాత రైతు కాపరిని పిలిచి తన చేనులో మంద నిలపమంటాడు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటాయి. బండితో తోలే దిబ్బ ఎరువులో మూత్రం చాలావరకు పోతుంది. మంద నిలిపితే పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది. దానికి బదులు రైతు ఒకప్పుడు గింజలు కొలిచేవాడు, తరువాత రాత్రికి ఇంత అని డబ్బు ఇచ్చాడు. ఎండాకాలంలో ఇక్కడ మేత అయిపోతే మందలు కర్ణాటక వైపు, తుంగభద్ర కాలువల కింద వరి కోసిన మళ్ళ వైపు కదులుతాయి. నెలల తరబడి తడికెలు, వంట సామాను, కుక్కలతో సహా కుటుంబాలు దారి మీదే ఉంటాయి.

ఈ ఏర్పాటు మొత్తంలో ఒక్క కాగితం కూడా లేదు. ఏ దారిన నడవాలి, ఏ కుంటలో నీళ్ళు తాగించాలి, ఏ గుట్ట ఎవరు మేపుకోవాలి అన్నదంతా నోటి మాట మీదే నడిచింది. ప్రభుత్వం మాత్రం మొదటి నుంచీ కాగితం రాసుకుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. పశువులు మేపితే పుల్లరి కట్టాలన్నారు. ఆ పుల్లరిని ఎదిరించి పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చాడు. మేత కోసం జరిగిన పోరాటం మన చరిత్రలోనే ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఏమి మారింది?

మొదటిది, బీడు తగ్గింది. ఊరుమ్మడి బంజర్లు కొన్ని పట్టాలయ్యాయి, కొన్ని ఆక్రమణలో పోయాయి, కొన్నిటిలో సర్కారు తుమ్మ కమ్ముకుంది. ఆ తుమ్మ కాయలు గొర్రెలు తింటాయి గానీ దాని నీడన గడ్డి లేవదు.

రెండవది, చేను మారింది. ఒకప్పుడు మన ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేవారు. కోత తరువాత ఆ నేలంతా మందకు తెరిచి ఉండేది. బోర్లు పడిన చోట నేడు చీనీ, దానిమ్మ, అరటి తోటలు ఉన్నాయి. తోట చుట్టూ కంచె, లోపల డ్రిప్పు పైపులు. గొర్రె కాలు పడితే పైపు పగులుతుంది, తగాదా వస్తుంది. రైతు తప్పు కూడా కాదు, అతనికీ అప్పులున్నాయి. కానీ దారి మూసుకుపోయిన మాట నిజం.

మూడవది, ఉన్ని పోయింది. మన ప్రాంతపు నల్ల గొర్రెలు, అంటే దక్కనీ, బళ్ళారి జాతులు, ముతక ఉన్ని ఇస్తాయి. ఆ ఉన్నిని వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంటమగ్గం మీద కంబళి నేసేవారు. వానకు, చలికి, పడకకు అదే ఆధారం. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాక కంబళి అడిగేవాళ్ళు తగ్గారు. మాంసానికి గిరాకీ పెరగడంతో ఉన్ని లేని, పొడుగు కాళ్ళ నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలో కలిపారు. మంద బరువు పెరిగింది, మగ్గం ఆగింది. కంబళి పనిలో ఎక్కువగా ఆడవాళ్ళే ఉన్ని వడికేవారు. వాళ్ళ చేతికి వచ్చే సంపాదన కూడా దానితోపాటే పోయింది.

నాలుగవది, కొండల మీదికి గాలిమరలు, మైదానాల్లోకి సౌర పలకలు వచ్చాయి. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి దీనికి మంచి ఉదాహరణ. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ సంస్థతో కలిసి చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు అక్కడి బోడి గుట్టలను వేల ఎకరాల పచ్చిక, అడవిగా మార్చారు. రెవెన్యూ కాగితాల్లో మాత్రం అది బంజరు. 2010 తరువాత అక్కడ గాలిమరలు వెలిశాయి, గుట్టలను తొలిచి రోడ్లు వేశారు. కరెంటు దేశానికి కావాలి, కాదనము. అయితే ఎవరూ వాడని భూమి అని కాగితంలో ఉన్నచోట వందల కుటుంబాలు మేపుకుంటున్న సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు.

గొర్రెలు పెరిగాయి, మరి కాపరి?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.42 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ 1.91 కోట్లతో మొదటి స్థానంలో, మన ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండవ స్థానంలో నిలిచాయి. రెండు రాష్ట్రాల్లోనూ 2012 కంటే సంఖ్య పెరిగింది. గొర్రె అంతరించిపోవడం లేదు. మాంసం ధర కూడా బాగుంది. అలాగైతే కాపరి కొడుకు ఎందుకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా చేరుతున్నాడు?

గొర్రె ఉంటే చాలదు, మేత మీద హక్కు ఉండాలి. తెలంగాణలో 2017లో 75 శాతం సబ్సిడీతో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మన రాష్ట్రం నుంచి కూడా పెద్ద సంఖ్యలో గొర్రెలు లారీల్లో వెళ్ళాయి. గొర్రెను లారీలో తెచ్చి పంచవచ్చు, బీడును అలా తెచ్చి పంచలేము. కేంద్రం 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్‌లో గొర్రెల ఫారానికి 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల సబ్సిడీ పెట్టారు. పెద్ద ఫారానికి స్థలం, షెడ్డు, మిగతా సగం డబ్బు కావాలి. అవన్నీ ఉన్నవాడు అప్పటికే కాపరి కాదు, యజమాని. జీతానికి గొర్రెలు కాసే మన నాన్నలకు ఆ పథకం అందదు.

చదువుకున్న మనం చేయగలిగినవి

మందను కాపాడే పని అంతా సర్కారే చేయాలని కూర్చుంటే కాదు. అలాగని మనమంతా ఉద్యోగాలు వదిలి మంద వెనుక నడవాలని కూడా మేము అనడం లేదు. మన ఇళ్ళలో కాగితం చదవగలిగిన మొదటి తరం మనది. కాపరికి లోటు కూడా కాగితమే. ఈ రెండూ కలవాలి.

1. రోగాల పట్టిక: ఒక మందలో 100 గొర్రెలు 80 పిల్లలు పెట్టాయనుకుందాం. రోగాలకు 20 పిల్లలు పోతే మిగిలేవి 60. టీకాలు, నట్టల మందు సకాలంలో పడి 5 మాత్రమే పోతే మిగిలేవి 75. ఆ 15 పిల్లలే ఒకరి కాలేజీ ఫీజు. తొలకరి పచ్చిక రాకముందే చిటుక రోగానికి టీకా వేయించాలి. పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచే తొలగించాలని 2015లో లక్ష్యం పెట్టుకున్నారు, దాని టీకా కూడా తప్పించవద్దు. నీలి నాలుక రోగం చిన్న దోమల వంటి పురుగుల వల్ల వస్తుంది గనుక వానాకాలంలో మందను బురద నేలలో పడుకోబెట్టకూడదు. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఈ తేదీలన్నీ ఒక అట్ట మీద రాసి ఇంట్లో వేలాడదీయండి.

2. కాటా: వ్యాపారి కంటిచూపుతో బరువు అంచనా వేసి ధర చెబుతాడు. ఆ అంచనాలో నష్టపోయేది ఎప్పుడూ కాపరే. నలుగురు కాపరులు కలిసి ఒక కాటా కొని, తూకం వేశాకే బేరం ఆడితే తేడా మీకే తెలుస్తుంది.

3. పొట్టేలు: ఒకే పొట్టేలును ఏళ్ళ తరబడి ఉంచితే దాని పిల్లలతోనే దానికి సంపర్కం జరిగి మంద బలహీనపడుతుంది. రెండేళ్ళకొకసారి వేరే మందతో మార్చుకోవాలి.

4. భూమి వివరాలు: మీ ఊరి మేత పోరంబోకు ఎంత, ఏ సర్వే నంబరు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో సమాచార హక్కు చట్టం (2005) కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊరుమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు గురించి మన ఊరి పెద్దలకు చెప్పేది ఎవరు?

5. అటవీ హక్కులు: 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార పశుపోషకులు కాలానుగుణంగా అడవిని వాడుకునే హక్కును సామూహిక హక్కులుగా గుర్తించింది. గిరిజనేతరులు మూడు తరాల, అంటే 75 ఏళ్ళ, నివాసాన్ని చూపాలి. అందుకే ముసలివాళ్ళు బ్రతికి ఉండగానే వాళ్ళ మాటలు రాసుకోవాలి. గ్రామసభలో ఆ మాటలే సాక్ష్యమవుతాయి.

ముగింపు

2026వ సంవత్సరాన్ని పచ్చికబయళ్ళ, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి 2022లోనే ప్రకటించింది. మంగోలియా ప్రతిపాదించగా ఎన్నో దేశాలు బలపరిచాయి. మంగోలియా స్టెప్పీల్లో, ఆఫ్రికా సాహెల్‌లో, రాజస్థాన్‌లో మందలు తోలేవాళ్ళ కష్టం కూడా ఇదే: వాళ్ళు నడిచే నేల కాగితంలో ఖాళీగా కనిపిస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. మీ జేజినాయననో, ఊళ్ళో పెద్ద కాపరినో అడిగి మంద నడిచే దారులు, నీళ్ళు తాగే కుంటలు, మేపే గుట్టలు, వాటి పేర్లు వరుసగా రాయండి. ఎప్పటి నుంచి వాడుతున్నారో, ఎప్పుడు మూసుకుపోయిందో కూడా రాయండి. మీ ఊరి మ్యాపు ఒకటి గీయండి. ఆ పుస్తకాలన్నీ మన వసతిగృహంలో ఒక బీరువాలో చేరితే కంబదూరు మండలపు మేత నేలల లెక్క తయారవుతుంది. రేపు గ్రామసభలో ఏ భూమి గురించైనా మాట వచ్చినప్పుడు మన నాన్నలు ఉత్త చేతులతో నిలబడరు.