హెడర్ చెప్పే సైజు, డిస్కు చెప్పే సైజు

నిమ్మాడ జంక్షన్‌లో బస్సెక్కి టెక్కలి కాలేజీకి వెళ్లొచ్చే కుర్రాళ్ల పెన్‌డ్రైవుల్లో సాఫ్ట్‌వేర్లు చేతులు మారుతూ తిరుగుతుంటాయి. డౌన్‌లోడ్ మధ్యలో సిగ్నల్ పోయినా, కాపీ పూర్తికాక ముందే పెన్‌డ్రైవ్ లాగేసినా ఫైలు తోక తెగిపోతుంది. పేరూ ఐకానూ మాత్రం చెక్కుచెదరవు. ఎక్స్ఈ ఫైలైతే అది పూర్తిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నడిపి చూడక్కర్లేదు. మొదట్లో ఉన్న కొన్ని బైట్లు చదివితే, ఫైలు కనీసం ఎంత పొడవుండాలో తేలిపోతుంది. పలాస జీడిపప్పు డబ్బా మీద అచ్చేసిన తూకాన్ని కాటా మీద సరిచూసుకోవడం లాంటి పనే.

దీనికి హెక్స్ ఎడిటర్ ఒక్కటి చాలు. విండోస్‌లో హెచ్‌ఎక్స్‌డీ ఉచితంగా దొరుకుతుంది, లినక్స్‌లో ఎక్స్‌ఎక్స్‌డీ ఉంది. స్థానాలన్నీ సున్నా నుంచి మొదలుపెట్టి, మామూలు దశాంశ అంకెల్లో చెబుతున్నాను. బైట్లు మాత్రం హెక్స్‌లో కనిపిస్తాయి, వాటిని వెనక నుంచి చదవాలి. 00 24 అని ఉంటే అది 2400, అంటే మన లెక్కలో 9216. తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఫైలు తెరవగానే మొదటి రెండు బైట్లు 4డి 5ఏ. అక్షరాలుగా చూస్తే ఎం, జెడ్. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. ఆ పక్కనే పాత డాస్ కాలపు లెక్క ఉంటుంది. 2వ స్థానంలో చివరి పేజీలో వాడిన బైట్లు, 4వ స్థానంలో మొత్తం పేజీలు. పేజీకి 512 బైట్లు. పేజీల్లోంచి ఒకటి తీసేసి 512తో గుణించి, చివరి పేజీ బైట్లు కలపాలి. చివరి పేజీ అంకె సున్నా అయితే ఆ పేజీ నిండా ఉన్నట్టు, ఒకటి తీయక్కర్లేదు.

ఇప్పటి విండోస్ ఫైళ్లలో అక్కడ తరచుగా కనిపించేవి 90 00, 03 00. అంటే 144 బైట్లు, 3 పేజీలు. లెక్కేస్తే 1168. యాభై మెగాబైట్ల ఫైలు కూడా తన సైజు 1168 అనే అంటుంది! అసలైన డాస్ ప్రోగ్రాములకు ఈ సూత్రం సరిపోతుంది గానీ, విండోస్ ఫైల్లో ఇది పాత వాసన తప్ప మరేం కాదు. ఇక్కడే ఆగిపోతే మోసపోతాం.

1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన పీఈ హెడర్‌ను వెతకాలి. అది ఎక్కడుందో 60వ స్థానంలోని నాలుగు బైట్లు చెబుతాయి. ఒక ఉదాహరణ ఫైలు తీసుకుందాం: అక్కడ 80 00 00 00, అంటే 128. ఆ చోటికి వెళ్తే పీ, ఈ అక్షరాలు, వెనక రెండు సున్నా బైట్లు. ఆ పీ అక్షరం నుంచి 6 బైట్ల దూరంలో సెక్షన్ల (ఫైల్లోని ముక్కల) సంఖ్య, మన ఫైల్లో 3. 20 బైట్ల దూరంలో ఆప్షనల్ హెడర్ పొడవు ఈ0 00, అంటే 224. ఆ హెడర్‌కు ముందుండే 24 బైట్లూ కలుపుకుంటే, సెక్షన్ల పట్టిక 128 + 24 + 224, అంటే 376 దగ్గర మొదలవుతుంది.

పట్టికలో ఒక్కో సెక్షన్‌కు 40 బైట్లు. అందులో 16వ బైటు దగ్గర డిస్కు మీద ఆ సెక్షన్ పొడవు, 20వ బైటు దగ్గర ఫైల్లో అది మొదలయ్యే చోటు. 8వ బైటు దగ్గర మరో సైజు కనిపిస్తుంది. అది మెమరీలో పట్టే చోటు, మనకు పనికిరాదు. మూడో సెక్షన్ వివరాలు 456 దగ్గర ఉంటాయి. పొడవు 1536, మొదలు 9216 అనుకుంటే రెండూ కలిపి 10752. ప్రతి సెక్షన్‌కూ ఇలా కూడి, వచ్చిన వాటిలో పెద్దది తీసుకోవాలి. చివర రాసిన సెక్షనే ఫైల్లో చివర ఉంటుందని ధీమా పడొద్దు.

ఇప్పుడు ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. 'సైజ్ ఆన్ డిస్క్' అనే రెండో అంకె కాదు, మొదటిది. 10752 కన్నా తక్కువుంటే ఫైలు తెగినట్టే, మళ్లీ తెచ్చుకోవాలి. ఎక్కువుంటే కంగారు పడకండి. డిజిటల్ సంతకం సెక్షన్లన్నీ అయ్యాక వస్తుంది. 32 బిట్ ఫైల్లో పీఈ నుంచి 152 బైట్ల దూరంలో, 64 బిట్‌లో 168 బైట్ల దూరంలో దాని చోటు, ఆ వెంటనే దాని పొడవు ఉంటాయి. రెండూ కలిపితే సంతకంతో సహా సైజు వస్తుంది.

చిక్కంతా ఇన్‌స్టాలర్లతోనే. ముందు చిన్న ప్రోగ్రాం, దాని తోకకు కట్టిన పెద్ద మూట. హెడర్‌కు ఆ మూట సంగతే తెలియదు, సంతకం లేకపోతే అది సగంలో తెగినా లెక్క పసిగట్టదు. అక్కడ ఫైలు మొత్తానికీ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ లెక్కగట్టి, తయారీదారు ఇచ్చిన దానితో పోల్చుకోవడమే దారి.

లినక్స్ ప్రోగ్రాములుండే ఎల్ఫ్ ఫైళ్ల లెక్క ఇంకా చిన్నది. 64 బిట్ ఫైల్లో 40వ స్థానం సెక్షన్ పట్టిక మొదలు, 58 ఒక్కో వరుస పొడవు, 60 వరుసల సంఖ్య. 13976, 64, 31 ఉంటే 13976 + 64 × 31 = 15960. పట్టిక చివరే ఉండాలన్న నియమం లేదు, లింకర్లు మామూలుగా అలా పెడతాయంతే. ఇన్‌స్టాలర్లలాగే తోకకు మూట కట్టుకొచ్చే లినక్స్ యాప్‌ఇమేజ్ ఫైళ్లు ఆ మూట ఎక్కడ మొదలవుతుందో కనుక్కునేదీ ఈ కూడికతోనే. 40వ స్థానంలో సున్నాలుంటే పట్టికను ఎవరో కోసేశారన్నమాట. అప్పుడు ప్రోగ్రాం హెడర్లలో మొదలు, ఫైలు పొడవు కలిపి పెద్దది తీసుకోండి.