సహజా, క్రాకోవ్ వెళ్ళే ముందు



పోలండ్‌లో, క్రాకోవ్‌లోని యాగెలోనియన్ యూనివర్సిటీలో నీకు బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. వాడి గొంతులో సంతోషంతో పాటు లోను దిగులూ వినిపించింది. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకుంటాం, నువ్వు బెంగపెట్టుకోకు. నీకు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. పరిశోధన కోసం కొన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

బ్రోషర్ల మీద కనిపించే ఎర్ర ఇటుకల కమానుల భవనంలో నీ క్లాసులు జరగవు. అది కొలేగియుమ్ మాయుస్, ఇప్పుడు మ్యూజియం. నీ ల్యాబులుండేది ఊరి అంచున రూచాయ్ అనే పేటలో కట్టిన కొత్త క్యాంపస్‌లో. హాస్టల్ నుంచి ట్రామెక్కి ల్యాబుకి, ల్యాబు నుంచి రూముకి, రాత్రికి మనవాళ్ళతో కలిసి వంట. రెండేళ్ళూ ఇలాగే గడిపి, పట్టా తీసుకుని విమానం ఎక్కేసే పిల్లలున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. నెత్తిన అప్పు, కొత్త దేశం, చలి, ఎవరికైనా మనవాళ్ళ మధ్యే ఉండాలనిపిస్తుంది. కానీ నువ్వు అలా తిరిగి రాకూడదని నా కోరిక. ఆ యూనివర్సిటీ నీది కూడా అనిపించేదాకా దాన్ని వదలకు.

వెళ్ళిన మొదటి వారాల్లోనే ఒక ఆదివారం వావెల్ కొండ మీది చర్చికి వెళ్ళు. అక్కడ యాద్విగా రాణి సమాధి ఉంది. పక్కనే అద్దాల పెట్టెలో ఆమెతో పాటు పాతిపెట్టిన రాజదండం పెట్టారు. దగ్గరికెళ్ళి చూడు, అది చెక్క. పైన బంగారు పూత, అంతే. యూనివర్సిటీని 1364లో స్థాపించింది కాజిమిర్ రాజు. ఆయన పోయాక అది మూలపడింది. యాద్విగా తన నగలన్నీ దాన్ని నిలబెట్టడానికి రాసిచ్చి, 1399లో, బిడ్డను కన్న కొద్ది వారాలకే, పాతికేళ్ళ వయసులో కన్నుమూసింది. ఆమె భర్త యాగెలో 1400లో యూనివర్సిటీని మళ్ళీ తెరిపించాడు. ఇప్పుడున్న పేరు వాళ్ళ వంశానిదే. దేశాన్నేలిన రాణి చెక్క దండంతో మట్టిలోకి వెళ్ళింది. చదువు మీద ఒకరు పెట్టిన ఖర్చుకు ఇంతకన్నా గొప్ప రసీదు నేనెక్కడా చూడలేదు.

పరాయి ఊరివాళ్ళు అక్కడ చదవడం ఇవాళ మొదలైంది కాదు. పదిహేనో శతాబ్దంలోనే హంగరీ నుంచి, జర్మన్ నేలల నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు. 1491లో తోరూన్ నుంచి వచ్చి చేరిన కోపర్నికస్ నాలుగేళ్ళుండి డిగ్రీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన ఆయన పుస్తకం స్వహస్తప్రతి ఇప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉంది.

ఇవన్నీ గైడ్లు చెబుతారు. నువ్వు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. 1939 నవంబరు 6న, జర్మన్లు పోలండ్ మీద దాడి చేసిన రెండు నెలలకు, ఉపన్యాసం ఉంది రమ్మని కొలేగియుమ్ నోవుమ్ భవనానికి ప్రొఫెసర్లను పిలిపించారు. వాళ్ళు వచ్చి హాల్లో కూర్చున్నారు. బ్రూనో ముల్లర్ అనే నాజీ ఎస్ఎస్ అధికారి వేదికెక్కి, అనుమతి లేకుండా యూనివర్సిటీ తెరవబోవడం జర్మనీకి ఎదురుతిరగడమే అన్నాడు. కొన్ని నిమిషాల్లో మాట ముగించి అందరినీ అరెస్టు చేయించాడు. ఆ రోజు పట్టుకున్నది 183 మందిని. వాళ్ళలో ఎక్కువమందిని జాక్సన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. సాహిత్య చరిత్రకారుడు ఇగ్నాత్సీ ఖ్షనోవ్‌స్కీలాంటి పెద్దవాళ్ళు ఆ చలికి, ఆకలికి అక్కడే పోయారు. ప్రపంచమంతా నిరసన తెలిపాక 1940 ఫిబ్రవరిలో వందమందికి పైగా విడుదలయ్యారు. బతికి వచ్చినవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఇళ్ళల్లో, తలుపులు వేసుకుని, దొరికితే ప్రాణం పోతుందని తెలిసీ మళ్ళీ పాఠాలు చెప్పారు. 1942 నుంచి రహస్యంగా యూనివర్సిటీ నడిచింది. దాదాపు ఎనిమిది వందల మంది అలా చదువుకున్నారు. తర్వాత పోప్ రెండవ జాన్ పాల్ అయిన వొయ్‌తీవా వాళ్ళలో ఒకడు. ఏటా నవంబరు 6న యూనివర్సిటీ ఆ ప్రొఫెసర్లను స్మరించుకుంటుంది. నువ్వూ వెళ్ళు. నువ్వు ఏ దేశం నుంచి వచ్చావని ఎవరూ అడగరు.

ఇక చదువు సంగతి. మార్కులు రెండు నుంచి అయిదు దాకా, రెండు వస్తే తప్పినట్టు. తప్పితే మరోసారి రాసే అవకాశం ఇస్తారు, కాబట్టి మొదటి దెబ్బకే కుంగిపోకు. కొన్ని సబ్జెక్టుల్లో వైవా ఉంటుంది. చీటీ తీస్తావు, ప్రశ్న వస్తుంది, కాగితం మీద నాలుగు మాటలు రాసుకునే వ్యవధి ఇస్తారు, తర్వాత ప్రొఫెసరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఎక్స్‌టర్నల్ వచ్చి రెండు ప్రశ్నలడిగి పంపేసే మన వైవా కాదది. కంఠతా పట్టింది మొదటి ప్రశ్న దాకా వస్తుంది. "ఎందుకని?" అని రెండో ప్రశ్న పడగానే నీకు అర్థమైందేమిటో బయటపడిపోతుంది. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినంతలోంచి ఆలోచిస్తూ ముందుకెళ్ళు. ఆ ఆలోచన వినడానికే వాళ్ళు కూర్చుంటారు.

డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగుంకుతుంది. మనకు అది అలవాటు లేదు, మనసు బరువెక్కుతుంది. పగటి వెలుగు ఉండగానే పాత ఊరి చుట్టూ ఉన్న ప్లాంటీ తోటలో ఒక చుట్టు నడిచి రా. రోజుల తరబడి మంచం దిగబుద్ధి కాకపోతే చలి అని సరిపెట్టుకోకు, డాక్టరుకు చెప్పు, మాకూ చెప్పు.

తిండికి బార్ మ్లెచ్నీలు అని చవక హోటళ్ళుంటాయి. బంగాళాదుంప, పెరుగు జున్ను కూరిన పియెరోగీ బాగుంటాయి. కాకపోతే పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి.

కాగితాల విషయంలో కన్సల్టెన్సీ వాళ్ళ మాట మీద ఆధారపడకు. రూల్సు మారుతుంటాయి, యూనివర్సిటీ రాసి ఇచ్చిందే నమ్ము. డిగ్రీ పట్టా విదేశంలో చెల్లడానికి వేసే అపొస్టిల్ ముద్ర ఇక్కడే వేయించుకో. వీసా గడువు దాటకముందే రెసిడెన్స్ కార్డుకు దరఖాస్తు పెట్టు.

వీటన్నిటికన్నా ముఖ్యం, పోలిష్ నేర్చుకో. నీ కోర్సు ఇంగ్లీషులోనే కాబట్టి అవసరం లేదని అందరూ అంటారు. క్లాసు వరకు అది నిజమే. కానీ ల్యాబులో టీ తాగేటప్పుడు మాటలు పోలిష్‌లో సాగుతాయి. హాస్టల్ వార్డెను, మందుల షాపు, ఇంటి ఓనరు, ప్రాజెక్టు ఎవరికివ్వాలా అని ప్రొఫెసరు తన అసిస్టెంటుతో అనే మాట, అన్నీ అందులోనే. ఏడు విభక్తులున్న భాష, కష్టమే. తప్పులు మాట్లాడు, వాళ్ళు దిద్దుతారు. తప్పులతోనైనా మాట్లాడే పరదేశి పిల్లను వాళ్ళు ఎంత ఆప్యాయంగా చూస్తారో నాకు తెలుసు.

క్లాసులు అక్టోబరులో మొదలవుతాయి. అందాకా ఆగకు. ఈ వారమే పాఠాలు మొదలుపెట్టు, చేరగానే యూనివర్సిటీ భాషా తరగతుల్లో పేరు రాయించుకో. మొదలుపెట్టావని నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య