పాత కారు: కొనుగోలు, పోషణ

మధ్యతరగతి కుటుంబములో ఇల్లు, పెండ్లి తరువాత చెప్పుకోదగిన పెద్ద వ్యయము కారు. కొత్త కారు ధర అందుబాటులో లేనపుడు పాత కారు వైపు దృష్టి మళ్ళుట సహజము. మన విద్యార్థులలో అనేకులు ఉద్యోగములో చేరిన తొలి రెండు మూడు సంవత్సరములలోనే ఈ ఆలోచన చేయుదురు. వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొని పోవుటకో, రాత్రి పని ముగించుకొని ఇల్లు చేరుటకో లక్ష, లక్షన్నర రూపాయలలో ఒక బండి దొరికిన చాలునని కోరుదురు. ఆ లక్షన్నర తరచుగా ఆ కుటుంబము కూడబెట్టిన సొమ్మంతయు అయి ఉండును. కావున ఈ విషయమును ఒక పాఠముగానే పరిశీలించుట మంచిదని తలచితిమి.

మొదట కిలోమీటర్ల సంగతి. పాత బండి అనగానే కొనువారు చూచునది మీటరు. లక్ష దాటినదని వినగానే వెనుకకు తగ్గుదురు. ఈ భయము సగమే నిజము. ఇంజను అరుగుదల ఎక్కువగా చల్లని స్థితిలో స్టార్టు చేసిన తొలి నిమిషములలో జరుగును. హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారిపై క్రమముగా తిరిగి, సకాలములో ఆయిలు మార్పించుకొన్న 1,20,000 కిలోమీటర్ల బండి ఒక ప్రక్క ఉన్నదనుకొందము. రోజూ రెండు కిలోమీటర్లు మార్కెట్టుకు పోయి వచ్చి, నెలల తరబడి చెట్టు క్రింద నిలిచిన 40,000 కిలోమీటర్ల బండి మరొక ప్రక్క ఉన్నది. మేమైతే మొదటిదానినే ఎంచుకొందుము. రెండవ బండిలో ఆయిలు ఏనాడును పూర్తిగా వేడెక్కలేదు. దానిలో చేరిన తేమ ఆవిరి కాలేదు. రబ్బరు సీళ్ళు ఎండి బీటలు వారినవి.

పైగా మీటరు అంకెను వెనుకకు త్రిప్పుట మన దేశములో కష్టమైన పని కాదు. పది సంవత్సరముల బండి 35,000 మాత్రమే తిరిగినదని చెప్పినచో ఇతర సాక్ష్యములు వెదకవలెను. బ్రేకు, క్లచ్ పెడళ్ళ రబ్బరు నున్నగా అరిగిపోయినదా? స్టీరింగు పట్టుకొను చోట మెరుపు తేలినదా? డ్రైవరు సీటు అంచు నలిగినదా? అంకె అబద్ధమాడవచ్చును గాని పెడలు రబ్బరు అబద్ధమాడదు. కంపెనీ సర్వీసు బిల్లులు ఉన్నచో ప్రతి బిల్లు పైనను ఆనాటి కిలోమీటర్లు వ్రాసి ఉండును. అంతకు మించిన ఆధారము లేదు.

బండిని ఉదయముననే, ఇంజను చల్లగా ఉన్నపుడే చూడవలెను. అమ్మువాడు ముందే స్టార్టు చేసి ఉంచినచో బానెట్టు మీద చేయి పెట్టగానే తెలిసిపోవును. అట్టి సందర్భములో మరునాడు వత్తుమని చెప్పి మరలుట మేలు. స్టార్టు చేయగానే సైలెన్సరు వెనుక ఒకరిని నిలువబెట్టవలెను. నీలి పొగ వచ్చినచో ఇంజను ఆయిలును కాల్చుచున్నదని అర్థము. రాత్రంతయు నిలిచిన తరువాత ఒక్కసారి మాత్రము వచ్చి ఆగినచో వాల్వు సీళ్ళు గట్టిపడినవని భావింపవచ్చును. అది భరింపదగిన ఖర్చు. వేగము పెంచినప్పుడెల్లను వచ్చుచున్నచో రింగులు, బోరు అరిగినవన్నమాట. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. నల్ల పొగ ఇంధనము మితిమీరి చేరుటకు గుర్తు. చలికాలపు ఉదయము కొద్దిసేపు కనిపించు తెల్లని ఆవిరి దోషము కాదు. ఇంజను వేడెక్కిన తరువాతను దట్టమైన తెల్లపొగ ఆగనిచో హెడ్ గాస్కెట్టును శంకింపవలెను. ఆయిలు మూత విప్పి చూడగా మీగడ వంటి తెల్లని జిడ్డు కనిపించినచో ఆ శంక బలపడును.

ఖాళీ స్థలములో స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి మెల్లగా నడిపినపుడు టకటకమను శబ్దము వచ్చినచో ముందు చక్రముల యాక్సిలు జాయింటు అరిగినది. ఎత్తు ఎక్కునపుడు ఇంజను శబ్దము పెరిగి వేగము పెరుగనిచో క్లచ్ ప్లేటు అయిపోయినది. ఇవన్నియు బేరములో తగ్గించుకొనదగిన విషయములే గాని బండిని వదలుకొనవలసినవి కావు.

వదలుకొనవలసినవి రెండు: తుప్పు, వరద. విశాఖపట్నము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో తిరిగిన బండ్ల అడుగుభాగము, తలుపుల క్రింది అంచులు తప్పక చూడవలెను. పైకి రంగు నిగనిగలాడుచున్నను కార్పెట్టు ఎత్తినచో నేలరేకు చిల్లులు పడి కనిపింపవచ్చును. ఇక వరద. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలోను ఎన్నో కార్లు నీట మునిగినవి. అట్టి బండి శుభ్రపడి, మెరుగులు దిద్దుకొని మరొక ఊరిలో చౌకగా అమ్మకమునకు వచ్చును. సీటు బెల్టును చివరివరకు బయటకు లాగి చూడుడు; లోపలి భాగమున బురద చార ఉన్నచో అంతకన్న నిదర్శనము అక్కరలేదు. నీరు త్రాగిన వైర్లు ఆరు నెలలకో, సంవత్సరమునకో ఒక్కొక్కటిగా మొరాయించును. ఆ రిపేరుకు అంతము లేదు.

కాగితముల విషయములో మనవారు చూపు ఉదాసీనత మమ్ములను కలవరపెట్టుచున్నది. స్టాంపు కాగితము మీద సంతకము చేసి, తాళపుచెవి ఇచ్చి, "తరువాత పేరు మార్చుకొందము" అను పద్ధతి బస్తీలలో నేటికిని కలదు. ఇది అమ్మువానికిని కొనువానికిని కూడ ప్రమాదకరము. బండి ఎన్ని చేతులు మారినను, ప్రమాదము జరిగినపుడు నష్టపరిహార బాధ్యత రిజిస్టరులో పేరు గలవానిదే అని సుప్రీం కోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టము చేసినది. అనగా మీరు రెండేండ్ల క్రితము అమ్మివేసిన బండి ఎవరినో ఢీకొన్నచో నోటీసు మీ ఇంటికి రావచ్చును. అమ్మినవాడు 29వ ఫారము, కొన్నవాడు 30వ ఫారము రవాణా శాఖకు సమర్పించవలెను. బ్యాంకు అప్పు తీరినదనుటకు 35వ ఫారము, బ్యాంకు లేఖ ఉండవలెను. ఇన్సూరెన్సును తన పేరున మార్చుకొనుటకు కొన్నవాడు 14 దినములలోపల దరఖాస్తు చేయవలెను. పాత యజమాని సంపాదించుకొన్న నో క్లెయిమ్ బోనసు అతనిదే. బండితో పాటు అది రాదు. చెల్లింపని చలాన్లను బండి నంబరుతో ముందే చూచుకొనవచ్చును.

ఢిల్లీ బండి చౌక అను మాట తరచు వినిపించును. అక్కడ పది సంవత్సరములు దాటిన డీజిలు, పదిహేను దాటిన పెట్రోలు బండ్లపై న్యాయస్థానముల ఆంక్షలు వచ్చిన తరువాత ఎందరో యజమానులు వాటిని ఇతర రాష్ట్రములకు తరలించిరి. చౌక నిజమే. అయితే అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడి జీవితకాల పన్ను, కొత్త నంబరు ఖర్చు కలిపి లెక్కించిన తరువాత కూడ చౌకగా ఉన్నదా అని చూడవలెను.

ఇప్పుడు లెక్క. చేతిలో 1,50,000 రూపాయలు ఉన్నవనుకొందము. బండికి 1,50,000 పెట్టువాడు మొదటి నెలలోనే అప్పు చేయును. 1,10,000లో బండి కొని, 10,000 పేరు మార్పిడికి, ఇన్సూరెన్సుకు కేటాయించి, 30,000 రిపేర్లకు విడిగా ఉంచవలెను. నెలకు 800 కిలోమీటర్లు తిరిగినచో, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున, పెట్రోలు లీటరు 105 రూపాయలనుకొన్నచో, పెట్రోలుకే 5,600 రూపాయలగును. జీతములో ఈ మొత్తమునకు చోటు లేనిచో బండి కొనకుండుటయే ఉత్తమము. తక్కువ తిరుగువారు పాత డీజిలు బండి జోలికి పోరాదని మా అభిప్రాయము. మైలేజిలో మిగిలిన సొమ్ము ఇంజెక్టర్లకు, టర్బోకు ఒక్కసారిగా పోవును.

ఆ 30,000 రూపాయలను ఏ వరుసలో వెచ్చింపవలెను? సీటు కవర్లకు, పాటల డెక్కుకు కాదు. మొట్టమొదట బ్రేకులు, టైర్లు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు లోతుగా కనిపించినను, రబ్బరు వయసు మీరి ప్రక్కలు బీటలు వారినచో మార్చవలసినదే. తరువాత టైమింగు బెల్టు. పాత సాంట్రో వంటి బండ్లలో ఇది రబ్బరు బెల్టు. ఎప్పుడు మార్చినారో ఆధారము లేనిచో ఊహింపక మార్చివేయవలెను. నడుచుచుండగా తెగినచో పిస్టన్లు వాల్వులను వంచివేయును. ఆ తరువాత ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు, కూలెంటు. రేడియేటరులో బోరు నీరు పోయు అలవాటు మానవలెను. మన ప్రాంతపు బోరు నీటిలోని లవణములు లోపలి సన్నని గొట్టములకు గారవలె పట్టును. వేసవిలో ఇంజను మరుగుటకు తరచుగా ఇదియే కారణము.

నేడు బంకులలో లభించు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు ఉన్నది. 2023కు పూర్వపు బండ్లు అధికభాగము దీనికై రూపొందినవి కావు. ఇథనాలులో శక్తి పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ గనుక మైలేజి కొంత తగ్గును. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు త్వరగా చెడవచ్చును; కావున పెట్రోలు పైపులను సంవత్సరమునకొకసారి పరీక్షింపజేసి, చెమ్మ, బీటలు కనిపించినచో మార్చుకొనవలెను. బండిని నెలల తరబడి కదలక ఉంచరాదు.

మెకానిక్కు విషయములో ఒక్క మాట. షెడ్డు షెడ్డుకు తిరుగువాని బండి ఎవరికిని అర్థము కాదు. ఒక మంచి ఉస్తాదును ఎంచుకొని, ఆయన సలహా వినుచు, మార్చిన ప్రతి భాగమును తేదీతో, కిలోమీటర్లతో ఒక నోటు పుస్తకములో వ్రాసికొనవలెను. తీసిన పాత భాగమును చూపుమని అడుగుట అమర్యాద కాదు. తలుపు అద్దము, లైటు, వైపరు మోటారు వంటివి పాత సామానుల దుకాణములో కొనవచ్చును. బ్రేకు సామగ్రిని మాత్రము ఎన్నడును అట్లు కొనరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. సంస్థ అవసరములకు పాత వాహనము కొనునపుడు దానిని సంస్థ పేరుననే రిజిస్టరు చేయింపవలెను. ఒక సభ్యుని పేరున ఉంచినచో ఆ సభ్యుడు మారినను బాధ్యత ఆయనను వీడదు. సొంత వాడుక కారులో రుసుము తీసికొని విద్యార్థులను చేరవేయుట కూడ తగదు. ప్రమాదవశాత్తు ఏమైన జరిగినచో ఇన్సూరెన్సు కంపెనీ తప్పుకొనును.

పదిహేను సంవత్సరములు నిండిన కారును ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేండ్లకు రెన్యూవలు చేయించుకొనవచ్చును. 600 రూపాయలుగా ఉండిన ఈ రుసుమును 2022 ఏప్రిలులో 5,000 చేసిరి; ఇరువది ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేసిరి. హరిత పన్ను దీనికి అదనము. ఒక్క రిపేరు ఖర్చే బండి విలువలో సగము దాటుచున్నచో రెన్యూవలు ఊసు మాని, గుర్తింపు గల స్క్రాపు కేంద్రమునకు అప్పగించుట లాభకరము. అక్కడ ఇచ్చు ధ్రువపత్రముతో రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. ఆ పని చేయక ఇనుప సామానుల వానికి తూకమునకు అమ్మివేసినచో, బండి ముక్కలైన తరువాతను ఆ నంబరు మీ పేరుననే నిలిచి ఉండును.