గళ్ల జంటకు పట్టెల పిల్ల యేల?

ప్రశ్న: నా పావురముల జోడీలో రెండింటికిని నీలిబూడిదరంగు రెక్కలపై నల్లని గళ్లున్నవి. వాని పిల్లలలో నొకదానికి గళ్లు లేక రెండు నల్లపట్టెలు మాత్రమే వచ్చినవి. అమ్మినవాడు నన్ను మోసగించెనా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ సందేహము సహజమే గాని, అమ్మినవానిని నిందింప బనిలేదు. రెక్కల గుర్తును నిర్ణయించు బీజము ప్రతి పావురమునకును తండ్రినుండి యొకటి, తల్లినుండి యొకటి సంక్రమించును. వానిలో గళ్ల బీజము బలవత్తరమగుటచే పట్టెల బీజమును కప్పివేయును. మీ జోడీలో రెండును పైకి గళ్లు గలవయ్యు, లోన పట్టెల బీజమును దాచుకొన్నవి. ఆ దాగిన బీజములు రెండును ఒక పిల్లయందు కలిసినపుడు పట్టెలు బయటపడును. ఇట్టి జోడీకి సగటున నాలుగు పిల్లలలో నొకటి యిట్లు పుట్టును. కొండపావురముల సహజలక్షణమైన యీ రెండు పట్టెలు, వేరువేరు జాతులను కలిపినపుడు మరల తలయెత్తుటను డార్విను 1859లోనే తన గ్రంథమున చర్చించియున్నాడు.

శుద్ధమైన గళ్ల వంశము కావలెనన్న, గళ్లతో పుట్టిన పిల్లను, పెరిగిన పిదప, పట్టెల పావురముతో జతపరుపుడు. పట్టెలపిల్ల యొక్కటి పుట్టినను ఆ గళ్లపక్షి మిశ్రమమని తేలును. వరుసగా 8 పిల్లలును గళ్లతోనే పుట్టినచో శుద్ధమని దాదాపు నిశ్చయింపవచ్చును. జత మార్చుటకు ముందు ఆడపక్షిని రెండు వారములు ఒంటరిగా నుంచుడు. లేనిచో పూర్వపు మగదాని సంతానమే కలుగవచ్చును. పిల్లకు వారము రోజుల యీడున కాలికి ఉంగరము తొడిగి, తల్లిదండ్రుల ఉంగరపు సంఖ్యలతో సహా పుస్తకమున వ్రాసికొనుడు. తోబుట్టువులను జతపరుపకుడు.

మెడ వంకరపోవుట, పచ్చని పలుచని రెట్ట వేయుట కనబడినచో, అది గుర్తులకు సంబంధించిన విషయము కాదు, వ్యాధి. ఆ పక్షిని వేరుచేసి వెంటనే పశువైద్యునకు చూపుడు.